డూ-వైల్ లేని భాషలో డూ-వైల్: కండిషన్ కన్నా ముందు కంటిన్యూ సంగతి చూడండి

ఆకివీడు దగ్గర రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ రీడింగులు తీసే ప్రోగ్రామును సీ నుంచి పైథాన్‌లోకి మారుస్తున్నానన్నారు. పైథాన్‌లో డూ-వైల్ (ముందు ఒకసారి నడిచి, కింద కండిషన్ చూసే లూపు) లేదు, మూడు ముక్కల ఫర్ (మొదలు, హద్దు, పెంపు ఒకే వరసలో రాసేది) లేదు, రెండు లూపుల్లోంచి ఒక్కసారే బయటపడ్డానికి, చెప్పిన చోటికి దూకే గోటూ లేదు. వీటికి బదులు ఏం రాయాలి, మార్చిన ప్రోగ్రాం కొన్ని రాత్రిళ్లు ఎందుకు బిగుసుకుపోతోంది అన్నది మీ ప్రశ్న. మండపేట రైస్ మిల్లులో మీ బావగారు నడిపే ఎక్సెల్ మాక్రోలో రెండు తప్పుల గురించి కూడా అడిగారు, అది చివర్లో చెబుతాను.

ముందు బిగుసుకుపోవడం సంగతి చూద్దాం, తక్కినవన్నీ దానికి ముడిపడినవే. లేని లూపును ఉన్న లూపుతో కట్టుకునేటప్పుడు అందరూ కండిషన్ పైన పెట్టాలా కింద పెట్టాలా అనే చూస్తారు. అది తేలికేనండి. దెబ్బ తగిలేది కంటిన్యూ దగ్గర, అంటే ఈ చుట్టులో మిగిలింది వదిలేసి తర్వాతి చుట్టుకి పొమ్మనే ఆజ్ఞ దగ్గర. పాత లూపులో కంటిన్యూ ఎక్కడికి దూకేది? కొత్త దాంట్లో ఎక్కడికి దూకుతోంది? ఈ రెండూ ఒకటి కాకపోతే కోడ్ చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటుంది, నడక మాత్రం మారిపోతుంది.

కింద కోడంతా తెలుగు లిపిలో రాశాను. టైపు చేసేటప్పుడు వైల్, బ్రేక్ (లూపు ఆపేసి బయటికొచ్చే ఆజ్ఞ) లాంటివి భాషలో ఎలా ఉంటే అలా కొట్టుకోండి.

సీలో మీ లూపు దాదాపు ఇలా ఉండి ఉంటుంది. అయిదుసార్లు చూడాలి, ప్రోబ్ (నీళ్లలో ఆక్సిజన్ కొలిచే సాధనం) తప్పుడు విలువ ఇస్తే ఆ చుట్టు వదిలేయాలి:

```
డూ {
    ప్రయత్నం++;
    రీడింగ్ = ప్రోబ్_చదువు();
    ఇఫ్ (రీడింగ్ < 0) కంటిన్యూ;
    నమోదు(రీడింగ్);
} వైల్ (ప్రయత్నం < 5);
```

సీ డూ-వైల్‌లో కంటిన్యూ కిందికి, అంటే కండిషన్ దగ్గరికి దూకుతుంది. ఇప్పుడు దీన్ని పైథాన్‌లోకి ఎక్కువమంది మార్చే తీరు చూడండి:

```
ప్రయత్నం = 0
వైల్ ట్రూ:
    ప్రయత్నం += 1
    రీడింగ్ = ప్రోబ్_చదువు()
    ఇఫ్ రీడింగ్ < 0:
        కంటిన్యూ
    నమోదు(రీడింగ్)
    ఇఫ్ ప్రయత్నం == 5:
        బ్రేక్
```

ఇక్కడ కంటిన్యూ పైకి దూకుతుంది. ఆఖరి ఇఫ్ మొహం కూడా చూడదు. ప్రోబ్ వైరు ఊడి ప్రతిసారీ మైనస్ 1 వస్తుంటే ఈ లూపుకి అంతు లేదు. ఇది కనీసం వెంటనే కనబడే తప్పు. కనబడనిది ఇంకోటుంది. వైరు బాగానే ఉంది, సరిగ్గా అయిదో రీడింగు ఒక్కటే చెడింది అనుకోండి. ఆ చుట్టులో పరీక్ష తప్పిపోయింది. తర్వాతి చుట్టులో రీడింగు బాగానే వచ్చింది, పరీక్ష దాకా కూడా వచ్చారు, కానీ అప్పటికి ప్రయత్నం 6. ఆరు అయిదుతో సమానం కాదు, ఏడూ కాదు, ఇక ఎప్పటికీ కాదు. నెలంతా బాగా నడిచి ఒక్క రాత్రి ఆగని ప్రోగ్రాముల్లో ఇలాంటివే ఎక్కువ. సమానం బదులు >= పెడితే ఆరో చుట్టులో ఆగుతుంది గానీ, సీలో నాలుగు రీడింగులు నమోదయ్యే చోట ఇక్కడ అయిదు నమోదవుతాయి. హ్యాంగ్ పోయింది, లెక్క చెడింది.

ఇంకో సంగతి. లూపు చివర్లో స్లీప్ (కాసేపు ఆగమనే ఆజ్ఞ) పెట్టి ఉంటే, కంటిన్యూ దాన్ని కూడా దాటేస్తుంది. ప్రోబ్ పాడైన క్షణం నుంచి ప్రోగ్రాం అయిదు సెకన్లకోసారి కాకుండా ఊపిరాడకుండా ప్రోబ్‌ను అడుగుతూనే ఉంటుంది. ప్రాసెసర్ నూరు శాతానికి ఎక్కుతుంది, లాగ్ ఫైలు ఉబ్బుతుంది. స్లీప్‌ను లూపు పై వరసలో పెట్టండి, కంటిన్యూ ఎక్కడున్నా దాన్ని తప్పించుకోలేదు.

డూ-వైల్ నడకను ఉన్నదున్నట్టు తెచ్చేది ఈ రూపం:

```
మొదటిసారి = ట్రూ
వైల్ మొదటిసారి ఆర్ ప్రయత్నం < 5:
    మొదటిసారి = ఫాల్స్
    ...
```

ఇందులో కండిషన్ పైనే ఉంది కాబట్టి కంటిన్యూ నేరుగా దాని దగ్గరికే వెళ్తుంది. ఆర్‌కి ఎడమ పక్కన మొదటిసారి ఉండాలి, కుడి పక్కన అసలు కండిషన్. తిరగేస్తే, కండిషన్‌లో వాడిన వేరియబుల్ లూపు లోపలే పుట్టేదైతే మొదటి చుట్టులోనే ఆ పేరు తెలియదంటూ నేమ్‌ఎర్రర్ వస్తుంది. ఎడమది ట్రూ అయితే పైథాన్ కుడిదాన్ని చూడదు, మనం ఆధారపడేది దానిమీదే. అందం లేని కోడే, ఒప్పుకుంటాను. లూపు బాడీ పెద్దదైతే దాన్నొక ఫంక్షన్‌గా విడదీసి కంటిన్యూలన్నీ రిటర్న్‌లుగా మార్చండి. అప్పుడు వైల్ ట్రూ లోపల ఫంక్షన్ పిలుపు, దాని కింద ఇఫ్-బ్రేక్, ఈ రెండే మిగులుతాయి, పరీక్ష తప్పే దారే ఉండదు.

అయినా మీ లెక్కకి డూ-వైల్ ఎందుకండీ? అయిదుసార్లు తిరగాలి, అంతేగా. ఫర్ ప్రయత్నం ఇన్ రేంజ్(5) అని రాస్తే కంటిన్యూ గొడవే లేదు. సీలో అలవాటు కొద్దీ రాసిన డూ-వైల్స్‌లో నిజంగా కింద పరీక్ష కావాల్సినవి తక్కువే ఉంటాయి. మార్చే ముందు ఒక్కోదాన్నీ ఇలా చూడండి.

పైథాన్‌లో డూ-వైల్ పెట్టాలని 2003లో పెప్ 315 అనే ప్రతిపాదన వచ్చింది. పదేళ్లు నాని 2013లో తిరస్కరణ పొందింది. వైల్ ట్రూ, మధ్యలో ఇఫ్-బ్రేక్ చాలన్నది పైథాన్ సృష్టికర్త గీడో వాన్ రోసమ్ అభిప్రాయం. కాబట్టి వస్తుందని ఎదురుచూడక్కర్లేదు.

మధ్యలో పరీక్ష ఉండే లూపు ఇంకో రకం: ఒకటి చదవడం, అయిపోయిందా చూడటం, కాకపోతే పని చేయడం. పైథాన్ 3.8 నుంచి వాల్రస్ గుర్తుతో (:=, విలువను పేరుకి ఇస్తూ అక్కడికక్కడే వాడుకోనిచ్చేది) ఇది ఒక్క వరసలో వస్తుంది:

```
వైల్ (రీడింగ్ := తర్వాతి_రీడింగ్()) ఈజ్ నాట్ నన్:
    నమోదు(రీడింగ్)
```

బ్రాకెట్లు తీసేస్తే ఎర్రర్ రాదు, అదే చిక్కు. రీడింగ్‌లోకి అంకె బదులు ట్రూ వచ్చి కూర్చుంటుంది, నమోదు పుస్తకం నిండా ట్రూ, ట్రూ. ఇక ఈజ్ నాట్ నన్ (ఏమీ లేకపోవడం కాదు అనే పరీక్ష) అక్కర్లేదని తీసేశారో, ఆక్సిజన్ 0.0 వచ్చిన క్షణాన లూపు ముగిసిపోతుంది, ఎందుకంటే పైథాన్ లెక్కలో సున్నా అంటే ఫాల్స్. చెరువులో ఆక్సిజన్ సున్నా చూపిస్తున్నప్పుడే నమోదు ఆగిపోతే ఆ యంత్రం ఉండీ లేనట్టే.

దీనికే ఇంకో దారి, విలువలు ఒక్కొక్కటిగా అందించే ఐటర్‌ను రెండు ఆర్గ్యుమెంట్లతో పిలవడం: మొదటిది ఫంక్షన్, రెండోది ఆపాల్సిన విలువ. ఫైలును నాలుగేసి వేల బైట్ల ముక్కలుగా చదవడానికి దీన్ని మించింది లేదు. ప్రోబ్ తగిలించే సీరియల్ పోర్టుకి మాత్రం వాడకండి. ఆ పోర్టును చదివే పైసీరియల్ లైబ్రరీలో టైమవుట్ పెట్టి ఉంటే, ఆ కాసేపట్లో డేటా రాకపోయినా రీడ్‌లైన్ ఖాళీ బైట్లే ఇస్తుంది. ఐటర్ దాన్ని అంతం అనుకుని లూపు మూసేస్తుంది. ప్రోబ్ ఒక్క సెకను ఆలస్యంగా పలికితే చాలు.

ఇక మూడు ముక్కల ఫర్. దాన్ని వైల్‌గా విప్పితే మళ్లీ అదే జబ్బు: సీలో కంటిన్యూ చేస్తే ఐ++ జరిగి తీరుతుంది, వైల్‌లో అడుగున ఉన్న ఐ += 1 జరగదు. దీనికి కొందరు ట్రై-ఫైనల్లీ వాడి, ఫైనల్లీలో ఐ పెంచుతారు. కంటిన్యూకి అది సరిగ్గా పనిచేస్తుంది. కానీ బ్రేక్ చేసినా ఫైనల్లీ నడుస్తుంది. సీలో బ్రేక్ చేస్తే ఐ పెరగదు. లూపు బయట ఐ చూసుకుని ఎక్కడ దొరికిందో తెలుసుకునే కోడ్ ఉంటే ఒకటి ఎక్కువ చూపిస్తుంది. వద్దు.

అడుగు సమానంగా లేకపోతే జనరేటర్, అంటే అడిగినప్పుడల్లా ఒక్కో విలువ ఇచ్చే ఫంక్షన్ రాయండి. ప్రోబ్ పలకనప్పుడు 1, 2, 4, 8 సెకన్లు ఆగి మళ్లీ అడగాలనుకుందాం:

```
డెఫ్ రెట్టింపులు(మొదలు, హద్దు):
    వైల్ మొదలు <= హద్దు:
        యీల్డ్ మొదలు
        మొదలు *= 2

ఫర్ ఆగు ఇన్ రెట్టింపులు(1, 64):
    ...
```

పెంచడం జనరేటర్ లోపల దాక్కుంది. బయట లూపులో కంటిన్యూ ఎన్ని పెట్టినా అడుగు తప్పదు. అలవాటైన చేతికి ఇంకో రెండు తేడాలు తగులుతాయి. ఫర్ లోపల ఐ విలువ మార్చినా తర్వాతి చుట్టుకి రేంజ్ ఇచ్చిందే వస్తుంది. ఒక అంశం దాటేయాలంటే ముందు ఐటర్ తీసుకుని, దాని మీదే ఫర్ నడుపుతూ, లోపల నెక్స్ట్ పిలవాలి. రెండోది, లూపు పూర్తయ్యాక సీలో ఐ విలువ ఎన్, పైథాన్‌లో ఎన్ మైనస్ ఒకటి. రేంజ్ ఖాళీ అయితే ఐ అసలు పుట్టనే పుట్టదు. ఐ ఎన్‌కి సమానమైతే దొరకలేదని అర్థం, అనే పాత పరీక్ష ఇక్కడ చెల్లదు.

ఆ పరీక్ష చోట ఫర్-ఎల్స్ వాడాలి. బ్రేక్ కాకుండా లూపు ముగిస్తేనే ఎల్స్ నడుస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద హెచ్చరిక మట్టాలు 11.75, 13.75, 17.75 అడుగులు కదా:

```
హద్దులు = [(17.75, "మూడో హెచ్చరిక"),
          (13.75, "రెండో హెచ్చరిక"),
          (11.75, "మొదటి హెచ్చరిక")]
ఫర్ హద్దు, పేరు ఇన్ హద్దులు:
    ఇఫ్ మట్టం >= హద్దు:
        బ్రేక్
ఎల్స్:
    పేరు = "హెచ్చరిక లేదు"
ప్రింట్(పేరు)
```

ఎల్స్ తీసేసి చూడండి. మట్టం 8 అడుగులే ఉన్నా మొదటి హెచ్చరిక అని ప్రింటవుతుంది. లూపు ముగిశాక పేరులో ఆఖరి వరస అలాగే మిగిలిపోతుంది, అందుకని. ఎల్స్‌ను ఫర్‌తో సమానమైన మార్జిన్‌లో పెట్టాలి. ఒక ట్యాబ్ లోపలికి జరిగితే అది ఇఫ్‌కి ఎల్స్ అయిపోతుంది, ఎర్రర్ లేకుండా.

దశాంశాల అడుగు గురించి ఒక్క మాట. రేంజ్ దాన్ని ఒప్పుకోదు, మీరు వైల్‌తో 0.1 చొప్పున కూడుతూ వెళ్తే పదిసార్లకి 1.0 రాదు, 0.9999999999999999 వస్తుంది. 0 నుంచి 20 పీపీఎం దాకా కాలిబ్రేషన్ పట్టిక కావాలంటే రేంజ్(201) తిప్పి లోపల పదితో భాగించండి.

రెండు లూపుల్లోంచి ఒకేసారి బయటపడటం. పేరు పెట్టిన బ్రేక్ కావాలని 2007లో పెప్ 3136 వచ్చింది, అదీ తిరస్కరించారు. అంత చిక్కు కోడ్ అరుదు, వచ్చినా రిటర్న్‌తో తేలిపోతుందన్నారు. ఈ విషయంలో వాళ్ల మాటే నాదీ. మండలాల వారీగా చెరువులు చూస్తూ ఆక్సిజన్ 4 పీపీఎం లోపు పడిన మొదటి చెరువు పట్టుకోవాలంటే:

```
డెఫ్ తక్కువ_చెరువు(మండలాలు):
    ఫర్ మండలం ఇన్ మండలాలు:
        ఫర్ చెరువు ఇన్ మండలం.చెరువులు:
            ఇఫ్ చెరువు.ఆక్సిజన్ < 4:
                రిటర్న్ చెరువు
    రిటర్న్ నన్
```

ఇంతే. ఇదే పనిని లోపలి ఫర్‌కి ఎల్స్ పెట్టి, ఎల్స్‌లో కంటిన్యూ, ఆ కింద ఇంకో బ్రేక్ పెట్టి కూడా చేయొచ్చు, సరిగ్గానే నడుస్తుంది. రేపు దాన్ని దిద్దేవాడు మాత్రం పది నిమిషాలు బుర్ర గోక్కుంటాడు. ఎక్సెప్షన్ విసిరి బయటపడేవాళ్లూ ఉన్నారు. తప్పనిసరైతే సొంత ఎక్సెప్షన్ క్లాసు పెట్టుకోండి. స్టాప్‌ఇటరేషన్ (విలువలు అయిపోయాయని పైథాన్ చెప్పే ఎక్సెప్షన్) మాత్రం విసరకండి, జనరేటర్ లోపల అది 3.7 నుంచి రన్‌టైమ్‌ఎర్రర్‌గా మారిపోతుంది. లూపు లోపల ఎక్కడైనా పేరు లేని ఎక్సెప్ట్ ఉంటే మీరు విసిరింది అదే మింగేస్తుంది, బయటికి రాదు.

లూపు బదులు ఫంక్షన్ తన్ను తానే పిలుచుకుంటే సరిపోదా అని మీరు రాసిన ముక్కకి జవాబు: పైథాన్‌లో సరిపోదు. స్కీమ్, ఎర్లాంగ్ లాంటి భాషల్లో చివరి పిలుపుకి స్టాక్ (పిలుపుల వివరాలు దాచే చోటు) పెరగదు, అక్కడ లూపులన్నీ అలాగే రాస్తారు. పైథాన్ ప్రతి పిలుపునూ దాచుకుంటుంది, మామూలు హద్దు 1000. అయిదు సెకన్లకొక పిలుపు అనుకుంటే 5000 సెకన్లు, అంటే గంటా ఇరవై మూడు నిమిషాలు. రాత్రి రెండింటికి మొదలెడితే మూడున్నర లోపు రికర్షన్‌ఎర్రర్‌తో పడిపోతుంది. తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోయే వేళకి సరిగ్గా చూసేవాడు ఉండడు. ఈఎస్‌పీ32 లాంటి చిన్న బోర్డు మీద ఇంకా ముందే పడిపోతుంది.

మార్చిన ప్రతి లూపునూ సీ దానితో పక్కపక్కన నడిపి చూడండి. మామూలు డేటా ఇస్తే రెండూ కలుస్తాయి, అదేం చెప్పదు. ఇవ్వాల్సినవి ఇవి: ఒక్క అంశమూ లేని డేటా, ఒక్కటే ఉన్నది, మొదటి రీడింగు చెడినది, ఆఖరి రీడింగు చెడినది, అన్నీ చెడినవి. ఎన్ని నమోదయ్యాయి, లూపు బయట కౌంటర్ ఎంత ఉంది, రెండూ పోల్చండి. పైన చెప్పిన == 5 తప్పు నాలుగో డేటాలోనే బయటపడుతుంది.

ఆ చిన్న బోర్డు మీద పైథాన్ బదులు లూవా అనే భాష 5.1 ఉంటే అక్కడ కంటిన్యూ లేదు, గోటూ కూడా లేదు, గోటూ 5.2లోనే వచ్చింది. లోపల రిపీట్ పెట్టి, అన్‌టిల్ ట్రూ అని మూసి, బ్రేక్‌ను కంటిన్యూలా వాడతారు. అప్పుడు అసలు బ్రేక్ చేతిలో ఉండదు, దానికి ఒక ఫ్లాగ్ పెట్టి బయట చూసుకోవాలి. గో అనే భాషలో అన్నీ ఫరే. ఫర్ సరే := ట్రూ; సరే; సరే = కండిషన్ అని రాస్తే కంటిన్యూతో సహా అచ్చమైన డూ-వైల్ వస్తుంది. ఒక్కటే, బాడీ లోపల పుట్టిన వేరియబుల్ ఆ కండిషన్‌కి కనబడదు. గోలో స్విచ్ లోపలి బ్రేక్ స్విచ్‌లోంచే బయటికొస్తుంది, లూపులోంచి కాదు. లేబుల్ ఇవ్వండి.

ఇప్పుడు మిల్లు మాక్రో. ఎక్సెల్ మాక్రోలు రాసే వీబీఏ భాషలో డూ-లూప్ ఉంది, కింద కండిషన్ పెట్టుకోవచ్చు, ఎగ్జిట్ డూ కూడా ఉంది. వైల్-వెండ్‌కి ఎగ్జిట్ లేదు, కనుక దాన్ని మర్చిపొమ్మనండి. లేనిది కంటిన్యూ. దానికి గోటూయే మేలు (మూడో గడిలో తేమ, ఆరో గడిలో తరుగు):

```
డిమ్ తరుగు యాజ్ డబుల్
ఫర్ ఐ = 2 టు చివరి
    తరుగు = 0
    ఇఫ్ సెల్స్(ఐ, 3).వాల్యూ = "" దెన్ గోటూ తరువాతి
    ఇఫ్ సెల్స్(ఐ, 3).వాల్యూ > 17 దెన్ తరుగు = సెల్స్(ఐ, 3).వాల్యూ - 17
    సెల్స్(ఐ, 6).వాల్యూ = తరుగు
తరువాతి:
నెక్స్ట్ ఐ
```

లేబుల్ పేరు ఒక ప్రొసీజర్‌లో ఒక్కసారే వాడాలి, రెండో లూపుకి తరువాతి2 అని పెట్టుకోవాలి. ఫర్ బదులు డూ వాడితే ఐ = ఐ + 1 లేబుల్ కింద ఉండాలి, పైన ఉంటే ఖాళీ గడి దగ్గరే లూపు పాతుకుపోతుంది.

మీరు చెప్పిన రెండు తప్పుల్లో ఒకటి, తేమ 15 శాతం ఉన్న లారీకి కూడా తరుగు పడటం. మాక్రోలో డిమ్ (వేరియబుల్‌ను ప్రకటించే మాట) లూపు లోపల ఉంటే ప్రతి చుట్టుకీ సున్నా అవుతుందని అనుకుని ఉంటారు. వీబీఏలో డిమ్ ప్రొసీజర్‌కి ఒక్కసారే, లూపు లోపల రాసినా అంతే. పై లారీకి పట్టిన తరుగు కింది లారీకి అంటుకుంటోంది. అందుకే పైన తరుగు = 0 అని విడిగా రాశాను.

రెండోది, ఖాళీ వరసలు తీసేసే లూపు కొన్నిటిని వదిలేయడం. 7వ వరస తీస్తే 8వది 7లోకి ఎక్కుతుంది, ఐ మాత్రం 8కి పోతుంది, ఎక్కిన వరసను ఎవరూ చూడరు. ఖాళీలు రెండు పక్కపక్కన ఉన్న చోటల్లా ఒకటి మిగిలిపోతుంది. ఫర్ ఐ = చివరి టు 2 స్టెప్ -1 అని కింది నుంచి పైకి నడిపించమనండి. పైథాన్‌లో లిస్టు మీద ఫర్ తిప్పుతూ అదే లిస్టులోంచి రిమూవ్ చేసినా ఇదే జరుగుతుంది, అక్కడ కొత్త లిస్టు కట్టుకోవడం సులువు.